కలిసి నొక్కితే కలదు సుఖం

డబ్బు మీద బహుమతి క్విజ్ లింకు మీ ఫోన్లోకి వచ్చిందా? చదవకండి. ముందు చుట్టాల గ్రూపులో పడేయండి. ఒంటరిగా కూర్చుని ఇరవై ప్రశ్నలకీ బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళు ఇంకా అక్కడక్కడా ఉన్నారు గానీ, వాళ్ళకి బంధుబలం లేదని అర్థం. మీకేం తక్కువ? బ్యాంకు మేనేజరుగా రిటైరైన బాబాయి గారున్నారు. ఊరందరి చేతా చీటీలు కట్టించిన పెద్దమ్మ ఉంది. చెర్లపల్లి టంకశాలలో పనిచేసిన మామయ్య, న్యూజెర్సీలో ఉన్న అల్లుడు గారు, బీకాం చదువుతున్న మేనకోడలు, పొద్దున్నే పూల బొమ్మతో శుభోదయం పెట్టి మళ్ళీ రాత్రి దాకా కనిపించని పెదబావ గారు, వీళ్ళందరి మీదా ఒక కన్నేసి ఉంచే పిన్ని. ఇంతమంది ఉండగా జవాబు తెలియకపోవడమంటూ ఉండదు. కనక తెలియడం గురించి బెంగ పెట్టుకోకండి. మీరు చూసుకోవలసిందల్లా అందరిదీ ఒకే మాటగా ఉందా లేదా అని. జవాబు ఒప్పయితే బహుమతి ఒకరికే వస్తుంది. మాట ఒకటైతే మర్యాద అందరికీ దక్కుతుంది.

నిబంధనల పేజీ తెరవడం దండగ. ఒకరు ఒకసారే ఆడాలనీ, జట్టులో ఇంతమందే ఉండాలనీ ఏవో రాస్తారు. రిజర్వు బ్యాంకు తన 90వ ఏట, 2024లో, డిగ్రీ విద్యార్థులకి దేశమంతటా క్విజ్ పెట్టింది. మొదటి బహుమతి 10 లక్షలంది. జట్టుకి ఇద్దరే అంది. ఇద్దరితో ఏం తేలుతుంది? ఇద్దరే అయితే ఒకరు చెప్పేది రెండోవారు వినక తప్పదు. నలభై మంది ఉన్న మన గ్రూపులో ఆ ఇబ్బంది ఉండదు.

అన్నిటికన్నా ముఖ్యం మొదటి జవాబు ఎవరి నోట వచ్చిందన్నది. అది పెద్దవాళ్ళదే కావాలి. ఈ విషయంలో ఇంగ్లండు వాళ్ళు ఎంత వెనకబడి ఉండేవారో చూడండి. 1906లో ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దును నిలబెట్టి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పోటీ పెట్టారు. ఆరు పెన్నీలకి టిక్కెట్టు కొనుక్కుని ఎవరికి వారు అంచనా రాసి వేశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త తరవాత ఆ చీటీలు తెప్పించుకున్నాడు. ఎనిమిది వందలకి కాస్త తక్కువ. వాటిని వరసలో పేర్చి నడిమి అంచనా తీస్తే 1207 పౌన్లు వచ్చింది. తక్కెడ చెప్పింది 1198. నూటికి ఒక పాలు కూడా తేడా లేదు. దాన్ని పట్టుకుని ఇప్పటికీ జనం తెలివి, జనం తెలివి అంటూంటారు.

ఆ చీటీల్లో కసాయివాళ్ళవీ ఉన్నాయి, జన్మలో ఎద్దును తూచనివాళ్ళవీ ఉన్నాయి. ఒకరు ఎక్కువ రాస్తే ఇంకొకరు తక్కువ రాశారు. హెచ్చులూ తగ్గులూ ఒకదానికొకటి చెల్లిపోయాయి. ఎందుకు చెల్లాయంటే పక్కవాడి చీటీలోకి తొంగిచూసే సౌకర్యం పాపం వాళ్ళకి లేదు. అక్కడ మన బాబాయి గారు ఒక్కరుండి "రెండు వేల పౌన్లు, నేను చెప్తున్నాగా" అని ఉంటే అన్ని చీటీల్లోనూ రెండు వేలే ఉండేది. గాల్టన్ గారికి లెక్క కట్టే శ్రమా తప్పేది.

అందుకని, ఎవరి జవాబు వాళ్ళు విడిగా రాసి పంపుదాం, తరవాత పోల్చుకుందాం అనే ఆలోచన ఎవరికైనా వస్తే మొగ్గలోనే తుంచేయండి. గ్రూపులో పోల్ పెట్టండి. ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా కనిపిస్తుంది. టీవీలో కోటీశ్వరుడు కార్యక్రమం చూశారుగా, ఆడియన్స్ పోల్ అనగానే ఎవరి మీట వాళ్ళు నొక్కేస్తారు. చిన్నంతరం పెద్దంతరం లేని పద్ధతి. మన పోల్‌లో బాబాయి గారు నొక్కేదాకా అందరూ ఆగుతారు. ఆయన నొక్కాక పిన్ని నొక్కుతుంది. పిన్ని నొక్కాక ఇంక ప్రశ్న చదవక్కర్లేదు.

బ్యాంకు మునిగితే మన డిపాజిట్టుకి ఎంతవరకు బీమా ఉంటుంది? బాబాయి గారు వెంటనే "లక్ష" అంటారు. 1993 నుంచి 2020 దాకా లక్షే, ఆయన సర్వీసు కూడా ఆ మధ్యలోనే పూర్తయింది. మేనకోడలు కింద నుంచి "చిన్నతాతయ్యా, 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలు చేశారు, అసలూ వడ్డీ కలిపి, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి" అని పెడుతుంది. లింకు కూడా పెడుతుంది, ఈకాలం పిల్లలు. గ్రూపు నిగ్రహం ఇక్కడే బయటపడాలి. లింకు ఎవరూ తెరవకూడదు. "నువ్వు పుట్టకముందే బ్రాంచి తాళాలు నా నడుముకుండేవి తల్లీ" అని ఆయన వాయిస్ మెసేజ్ పెడతారు. దాని కింద వరసగా దణ్ణం బొమ్మలు పడాలి. అల్లుడు గారు "మా దగ్గర రెండున్నర లక్షల డాలర్లండీ" అంటారు. అమెరికా లెక్క అదే, కాదనలేం. ప్రశ్న ఇండియాది అయినా దానికీ ఒక దణ్ణం పెట్టండి, అల్లుడు. తరవాత లక్ష నొక్కండి.

తెలిసినవాళ్ళు గ్రూపులో ఉంటే ఎలా ఆపాలని కొందరు అడుగుతుంటారు. ఆపక్కర్లేదు, వాళ్ళకన్నా ముందు మాట్లాడితే చాలు. నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది ఎక్కడ తయారైనట్టు? టంకశాల మామయ్య ఉద్యోగమంతా ఆ నక్షత్రం కిందే గడిచింది. హైదరాబాదుకి నక్షత్రం, ముంబయికి వజ్రం, నోయిడాకి చుక్క, కలకత్తాకి ఏ గుర్తూ లేకపోవడమే గుర్తు. సైఫాబాదు నుంచి టంకశాల 1997లో చెర్లపల్లికి మారిన సంగతి సహా ఆయన్ని నిద్రలో లేపినా చెప్తారు. కాకపోతే తెలుగు కీబోర్డు మీద ఒంటి వేలితో టైపు చేస్తారు. ఈలోగా పిన్ని "నక్షత్రం ఉంటే నకిలీదట" అంటుంది. ఆవిడ విన్నది నోట్ల సంగతి. నంబరులో నక్షత్రం ఉన్న నోట్లు దొంగనోట్లని 2023లో ఒక ఫార్వర్డు ఊరంతా తిరిగింది. ముద్రణలో పాడైన నోటుకి బదులు పెట్టేదానికి ఆ గుర్తు వేస్తారనీ, అన్ని నోట్లలాగే చెల్లుతుందనీ రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చుకోవలసి వచ్చింది. ప్రకటన మన గ్రూపు దాకా రాలేదు, ఫార్వర్డు వచ్చింది. నోటయితేనేం, నాణెమైతేనేం, నక్షత్రం నక్షత్రమే కదా అని నకిలీ నొక్కి ముందుకి సాగుతాం. మామయ్య జవాబు ఎవరిదో పెళ్ళిరోజు శుభాకాంక్షల నడుమ వచ్చి పడుతుంది: "నక్షత్రం మనదే చెర్లపల్లి." దాని కింద ఎవరో "నిండు నూరేళ్ళూ చల్లగా ఉండండి" అంటారు.

ఏ డబ్బు చెల్లుతుంది, ఏది చెల్లదు అనే ప్రశ్నలకి మీ వీధి చివర కిరాణా కొట్టే సుప్రీంకోర్టు. 10 రూపాయల నాణెం కొట్టాయన తీసుకోడు, కాబట్టి చెల్లదు. పద్నాలుగు రకాల 10 రూపాయల నాణేలు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి అని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పింది నిజమే, కానీ ఆ బ్యాంకు మనకి ఉప్పూ పప్పూ అప్పివ్వదు. 2011 జూన్ 30తో పావలా కాలం చేసింది, అర్ధరూపాయి ఇంకా చట్టప్రకారం బతికే ఉంది, 10 రూపాయల మొత్తం దాకా అర్ధరూపాయిల్లో ఇవ్వొచ్చు అని ఎవరైనా అంటే, ఏదీ కొట్టుకెళ్ళి ఇచ్చి రమ్మనండి. 2000 నోటు ప్రశ్న వస్తే మాత్రం పెదబావ గారిని లేపాలి. అందులో చిప్పు ఉంటుందని, భూమిలో పాతిపెట్టినా ఉపగ్రహానికి తెలుస్తుందని 2016లో వచ్చిన వీడియో ఆయన దగ్గర ఇప్పటికీ భద్రంగా ఉంది. 2023 మే 19న ఆ నోటును చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నామని ప్రకటించినా, దాని చట్టబద్ధత తీసేయలేదన్నది క్విజ్‌లో అడిగే మెలిక. మెలికల జోలికి పోకండి, చిప్పు వీడియో మళ్ళీ చూడండి.

రూపాయి నోటు మీద సంతకం ఎవరిది? ఆర్థిక శాఖ కార్యదర్శిది. వినగానే ఆశ్చర్యం కలిగింది కాబట్టి తప్పయి ఉంటుంది. గవర్నరు.

నోటు వెనక పట్టీలో ఎన్ని భాషలుంటాయి? ఇలాంటి చోట గ్రూపు మూడు ముక్కలవుతుంది. మేనకోడలు నోటు చేత్తో పట్టుకుని 15 లెక్కపెడుతుంది. తెలుగు పద్నాలుగోదట, ఇంగ్లీషు అక్షరక్రమంలో పేరుస్తారు కనక తమిళానికి కింద, ఉర్దూకి పైన. పట్టీ బయట ఉన్న హిందీ, ఇంగ్లీషూ కలిపి అల్లుడు గారు 17 అంటారు. బాబాయి గారు రాజ్యాంగం ప్రకారం 22 అంటారు. ఇక్కడ నోటు చేతిలో ఉన్నవాళ్ళ మాటకి ఎక్కువ విలువ ఇస్తే మిగిలినవాళ్ళు నొచ్చుకుంటారు. మూడూ కలిపి మూడుతో భాగించండి, 18. ఆప్షన్లలో 18 లేకపోతే బాబాయి గారి అంకెకి దగ్గరగా ఉన్నది.

పేర్ల ప్రశ్నలకి ఒకటే సూత్రం, తెలుగులా వినిపించే పేరు నొక్కడం. రిజర్వు బ్యాంకుకి మొదటి భారతీయ గవర్నరు ఎవరంటే ఆప్షన్లలో రామారావు అని కనిపిస్తుంది. ఇంకేం, మనాయనే. ఆయన బెనెగల్ రామారావు, కన్నడ దేశం వారు, 1949 నుంచి 1957 దాకా అందరికన్నా ఎక్కువకాలం ఆ కుర్చీలో ఉన్నారు గానీ మొదటి భారతీయుడు కాదు, అది 1943లో వచ్చిన చింతామణ్ దేశ్‌ముఖ్ అని మేనకోడలు మళ్ళీ మొదలుపెడుతుంది. మరాఠీ పేరు, వదిలేయండి. ఆ దేశ్‌ముఖ్ 1953లో రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయిని చేసుకున్నారు, ఆ లెక్కన ఆంధ్రా అల్లుడేగా అని ఎవరైనా అంటే మాత్రం ఇబ్బంది. న్యూజెర్సీ నుంచి ఒక అల్లుడు ఈ చర్చని చదువుతున్నాడని గుర్తుంచుకోండి. అసలు తెలుగు గవర్నర్లు, 1977లో కొద్ది నెలలు చేసిన మైదవోలు నరసింహం, 2003లో వచ్చిన వై.వి. రెడ్డి, ఆయన వెనకే 2008లో వచ్చిన దువ్వూరి సుబ్బారావు, ఈ ముగ్గురిలో ఒక్కరూ ఆప్షన్లలో లేకపోవడం క్విజ్ పెట్టినవాళ్ళ కుట్ర అని తీర్మానించి, నిరసనగా రామారావునే నొక్కండి.

వడ్డీ లెక్క దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే గ్రూపులో అది నిజంగా తెలిసినవాళ్ళు ఎక్కువ. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే ఏడాదికి ఎంత శాతం పడ్డట్టు? ప్రామిసరీ నోటు రాసిన ప్రతి తెలుగువాడికీ ఇది నోటిలెక్క. నూటికి నెలకి రెండు, పన్నెండు నెలలకి 24. నెలనెలా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే చక్రవడ్డీ మీద 26.8 శాతం, మూడేళ్ళు తిరిగేసరికి బాకీ రెట్టింపు. పెద్దమ్మ ఇదంతా కాగితం ముట్టకుండా చెప్పగలదు. అందుకని ప్రశ్నని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు పెట్టండి. 'యాన్యువల్ పర్సెంటేజ్ రేట్' అని చూడగానే ఆవిడ "అవన్నీ మీ చదువుకున్నవాళ్ళ లెక్కలు నాయనా, నాకేం తెలుసు" అని తప్పుకుంటుంది. తప్పుకోనివ్వండి. రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి ఎంత కట్టాలి పెద్దమ్మా అని మాత్రం ఎవరూ అడగకూడదు. 24 వేలని ఠక్కున చెప్పేస్తుంది.

ఆవిడ పక్కకి తప్పుకున్నాక మైదానం మనది. "రెండు రూపాయలంటే రెండు శాతమే కదా" అనేవాళ్ళు ముందుకొస్తారు. వాళ్ళలో ఒకరు ఎంబీఏ. బ్యాంకువాడు నూటికి 14 అంటున్నాడు, ఊళ్ళో షావుకారు రెండే అంటున్నాడు, ఎవరు ధర్మాత్ముడు అని ఆయన అడుగుతాడు. బ్యాంకుది ఏడాదికి, షావుకారుది నెలకి అనే చిన్న తేడాని ఎవరూ ఎత్తరు. షావుకారు ఎలాగూ ఎత్తడు.

అన్నామరియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అని ఇద్దరు ఆర్థికవేత్తలున్నారు. జనానికి డబ్బు గురించి ఎంత తెలుసో పట్టుకోవడానికి మూడు ప్రశ్నలు తయారుచేసి అమెరికాలో అడిగారు, ఆ తరవాత దేశదేశాల్లో అవే అడుగుతున్నారు. మీ క్విజ్‌లో కూడా అవి ఏదో వేషంలో వస్తాయి. వంద రూపాయలు రెండు శాతం వడ్డీకి వేస్తే అయిదేళ్ళకి 102 కన్నా ఎక్కువా, తక్కువా, సరిగ్గా అంతేనా అన్నది మొదటిది. అయిదేళ్ళన్న మాట చదవనివాళ్ళు సరిగ్గా 102 అంటారు, వాళ్ళదే మెజారిటీ కావాలి. వడ్డీ ఒక శాతం, ధరల పెరుగుదల రెండు శాతం, ఏడాది తరవాత ఆ డబ్బుతో ఇవాళ కొన్నంత కొనగలమా అన్నది రెండోది. "వడ్డీ వచ్చిందిగా, ఎక్కువే కొంటాం" అని పిన్ని అంటుంది. గంట కిందట ఇదే గ్రూపులో కందిపప్పు ధర ఫోటో పెట్టి గుండెలు బాదుకున్నది కూడా ఆవిడే. ఆ రెండు మెసేజ్‌లనీ కలిపి చదవడం మర్యాద కాదు. ఒకే కంపెనీ షేరు కొనడం పదిలమా, పది కంపెనీలున్న మ్యూచువల్ ఫండా అన్నది మూడోది. దీనికి పెదబావ గారు ఎక్కడున్నా వచ్చేస్తారు. ఆయన దగ్గర ఒకే కంపెనీ షేరుంది, దాని పేరు కూడా చెప్తారు, ఎవరికీ చెప్పొద్దని.

ఈ మూడింటిలోనూ 'తెలియదు' అనే ఆప్షన్ కూడా ఇస్తారు. మన వంశంలో దాన్ని ఇంతవరకూ ఎవరూ నొక్కలేదు.

జవాబులన్నీ తేలాక ఒకరే పంపి ఊరుకోవడం పొరపాటు. స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టండి, అందరూ అవే నొక్కి ఎవరి నంబరుతో వాళ్ళు పంపాలి. నలభై మందీ వేర్వేరుగా ఆడితే ఒకళ్ళో ఇద్దరో పొరపాటున ఒప్పు జవాబులు పంపే ప్రమాదం ఉంది. ఒకే కాపీ అయితే ఆ భయం లేదు. పైగా ఒకే వరసలో నలభై తప్పులూ చేరితే, క్విజ్ పెట్టినవాళ్ళకి కూడా మన ఐకమత్యం తెలిసొస్తుంది.

ఫలితాల కోసం ఎదురుచూడక్కర్లేదు. మర్నాడో అటుమర్నాడో ఎవరికో ఒకరికి మెసేజ్ వస్తుంది: మీరు 25 లక్షలు గెలిచారు. మీరు ఆడిన క్విజ్ పేరు అందులో ఉండకపోవచ్చు. కౌన్ బనేగా కరోడ్‌పతి లాటరీ అని ఉండొచ్చు, ఆ కార్యక్రమంలో లాటరీ అనేదే లేకపోయినా. చిన్న చిన్న తేడాలు పట్టించుకోకండి. ముందు పన్ను కట్టమంటారు. బహుమతుల మీద 30 శాతం పన్ను, పైన సెస్సు ఉన్నది వాస్తవమే. డబ్బు బహుమతైతే ఇచ్చేవాళ్ళే అందులోంచి మినహాయించుకుని మిగతాది ఇస్తారు. కారు లాంటి వస్తువైతే పన్ను కట్టిన దాఖలా చూశాకే తాళాలిస్తారు, ఆ కట్టేది ప్రభుత్వ ఖాతాలోకి. ఇప్పుడు మెసేజ్ పెట్టినాయన ఈ రెంటినీ కలిపి, డబ్బుకి కూడా ముందే కట్టాలని, అదీ తన సొంత నంబరుకి యూపీఐ చేస్తే చాలని పని సులువు చేశాడు. ఇంత సాయం చేసే ప్రభుత్వ శాఖ ఏదైనా ఉందా?

తలా కొంత వేసుకుని పంపండి. "ఇచ్చేవాడు పుచ్చుకుంటాడేమిట్రా?" అని పెద్దమ్మ అంటుంది. ఇంగ్లీషులో అనలేదు కాబట్టి లెక్కలోకి రాదు. డబ్బు మీ ఖాతాలో పడాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కమంటారు, నొక్కండి. పిన్ కొడితే డబ్బు పోవడమే గానీ రావడం ఉండదని బ్యాంకులు ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాయి. బ్యాంకులకి మనం బాగుపడటం ఇష్టముండదు, ఈ మాట బాబాయి గారు చెప్పగా విన్నదే.

ఖాతా ఖాళీ అయినట్టు మెసేజ్ రాగానే మేనకోడలు "1930, వెంటనే 1930" అని పెడుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరది, ఎంత త్వరగా ఫోను చేస్తే అంత మంచిదని కూడా అంటుంది. నాలుగంకెలు కనిపించగానే బాబాయి గారు "ఉప్పు సత్యాగ్రహం" అని జవాబిస్తారు. అల్లుడు గారు అమెరికాలో ఆర్థిక మాంద్యం అంటారు. మామయ్య టైపు చేస్తూ ఉంటారు. పోల్ పెట్టండి.